చిల్లర పైసలు చెప్పే చరిత్ర



బ్యాంకులో నోటు ఇచ్చి చిల్లర నాణేల పొట్లం తెచ్చుకొని, ఇంటికి రాగానే దాన్ని చాపమీద కుమ్మరించి, ఒక్కొక్క నాణేన్నీ తిప్పి చూసే అలవాటు కొందరికి ఉన్నది. తెలియనివారికి అది పనీపాటా లేని వ్యవహారంలా తోస్తుంది. ఎటు తిప్పినా రూపాయి రూపాయే కదా, అందులో వెతికేదేమున్నది అనుకుంటారు. కాని మన సరిహద్దు జిల్లాల్లో, అందునా తెలుగు చేనేతవారు తరాలుగా స్థిరపడ్డ షోలాపూర్ పట్నంలో, చిల్లర పైసలను వెతకడమంటే ఒక విధంగా మన వలస చరిత్రను వెతకడమే. ఆ సంగతిని ఈరోజు కొంచెం వివరంగా ముచ్చటించుకుందాం.

షోలాపూర్‌లో కన్నా చౌక్ అనీ, కొంతం చౌక్ అనీ కూడళ్ళున్నాయి. ఆ పేర్లు వినగానే తెలుగువాడికి మన ఇంటిపేర్లే గుర్తుకొస్తాయి. మరాఠీ దేశం నడుమ తెలుగు మాట వినిపించే పేటలివి. ఇక్కడి తెలుగువారిలో ఎక్కువమంది పద్మశాలీలు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పల్లెల నుంచి, సొంత ఊళ్ళో మగ్గం కూడు పెట్టని రోజుల్లో, మూటాముల్లె సర్దుకొని వచ్చినవారి సంతతి. షోలాపూర్‌కు 1860లో రైలు వచ్చింది. వాడి నుంచి సికిందరాబాదు వరకు 1874లో రైలు మార్గం పడింది. 1877లో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు మొదలైంది. దాన్నే ఊరివాళ్ళు జూనీ మిల్లు అన్నారు. రైలు దారి చూపింది, నూలు పని పిలిచింది. కొందరు మిల్లుల్లో చేరారు, కొందరు చేతిమగ్గాల కార్ఖానాల్లో కూర్చున్నారు. మగవాళ్ళు నేస్తే ఆడవాళ్ళు కండెలు చుట్టారు. తర్వాతి కాలంలో బీడీలు చేసే పని కూడా ఆడవారి చేతుల్లోకి వచ్చింది.

అయితే ఈ ప్రయాణంలో వాళ్ళు దాటింది ఊళ్ళను మాత్రమే కాదు, ఒక రాజ్యాన్ని దాటారు. షోలాపూర్ బొంబాయి రాజధానిలోని జిల్లా, అంటే ఇంగ్లీషువారి పాలన. బయలుదేరి వచ్చిన తెలంగాణ పల్లెలు నిజాం రాజ్యంలోనివి. షోలాపూర్‌కు పొరుగున ఉన్న తుల్జాపూర్, నల్దుర్గ్ కూడా నిజాం ఇలాకాయే. రాజ్యం మారితే నాణెం మారుతుంది. ఇక్కడ కూలి దొరికేది ఒక రూపాయిలో, ఊళ్ళో అప్పు తీర్చవలసింది మరొక రూపాయిలో.

ఇంగ్లీషువారి రూపాయిని మన పెద్దలు కల్దారు అన్నారు. కల్ అంటే యంత్రం. యంత్రంమీద కొట్టిన రూపాయి గనుక కల్దారు. నిజాం రూపాయిని హాలీ సిక్కా అన్నారు. హాలీ అంటే ప్రస్తుతం నడుస్తున్నది అని. నిజాం నాణేలు చాలాకాలం చేతితో కొట్టినవే. 1903లో హైదరాబాదు సైఫాబాదులో యంత్రాల టంకశాల నిలదొక్కుకున్న తర్వాత, చార్మినారు బొమ్మతో చక్కటి గుండ్రటి రూపాయలు వచ్చాయి. ఆ చార్మినారు నడిమి ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలపు నాణెమైతే మీమ్ అనే అక్షరం, ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుదైతే ఐన్ అనే అక్షరం. ఉర్దూ చదవడం రానివారు కూడా ఆ ఒక్క అక్షరం ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటే, నాణెం ఏ నిజాముదో చెప్పేయవచ్చు.

ఈ రెండు రూపాయల మారకపు లెక్క నూరు కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీగా స్థిరపడింది. వినడానికి చిక్కుగా ఉన్నా అసలు లెక్క తేలిక. ఆరు కల్దారులకు ఏడు హాలీలు. ఈ ఆరుకు ఏడు అన్నది ఎవరో ఊహించి పెట్టిన లెక్క కాదు. కల్దారు రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో నూటికి దాదాపు 92 పాళ్ళు వెండి. హాలీ చార్మినారు రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి నూటికి దాదాపు 82 పాళ్ళు. రెండింటిలోని వెండిని తూచి చూస్తే ఒకదాంట్లో సుమారు 10.7 గ్రాములు, రెండోదాంట్లో సుమారు 9.1 గ్రాములు. ఈ రెంటి నిష్పత్తి సరిగ్గా ఏడుకు ఆరు దగ్గరికే వస్తుంది. అంటే ముద్ర ఎవరిదైనా, బజారు నమ్మింది వెండినే.

ఇప్పుడు ఒక నేతగాడి బతుకులో ఈ లెక్క ఎట్లా పనిచేసిందో చూడండి. షోలాపూర్‌లో నెలంతా నేసి, తిండి ఖర్చు పోగా ఆరు రూపాయలు మిగిల్చుకొని ఊరికి పోతే, సరాఫు దగ్గర ఏడు హాలీ రూపాయలు రావాలి. అందులో సరాఫు తన బట్టా పట్టుకునేవాడు. బట్టా అంటే నాణెం మార్చినందుకు తీసుకునే తరుగు. పోయేటప్పుడు ఆరు ఏడవుతుంది, సంతోషమే. తిరిగి వచ్చేటప్పుడు పొలం కౌలు పైసలో, చుట్టం ఇచ్చిన బదులో వెంట తెచ్చుకుంటే ఏడు ఆరవుతుంది, మళ్ళీ బట్టా. అక్షరం రాని మనిషికైనా ఈ లెక్క నోటికి వచ్చి ఉండవలసిందే, లేకపోతే సరిహద్దులోనే సగం కష్టం కరిగిపోతుంది. చారాణా కోడికి బారాణా మసాలా అన్న మన సామెత పుట్టింది అణాల లెక్కలోనే. అణాపైసల దగ్గర పొరపాటు పడితే పూట గడవని మనుషుల భాష అది.

రెండు నాణేల బతుకు అన్నిటికంటే ఇరుకున పడింది 1947, 48లలో. 1947 నవంబరు 29న నిజాం ప్రభుత్వానికీ భారత ప్రభుత్వానికీ యథాతథ ఒప్పందం కుదిరింది. కొద్దివారాలకే నిజాం ప్రభుత్వం భారత కరెన్సీ తన రాజ్యంలో చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది. బంగారం, వెండి బయటికి పోకుండా మరొక ఆర్డినెన్సు పెట్టింది. చరిత్ర పుస్తకాల్లో ఇది ఢిల్లీకీ హైదరాబాదుకూ నడిచిన తగాదాలో ఒక చిన్న అంశం. కాని షోలాపూర్‌లో కూలి చేసి, పైసలు రొండిన దోపుకొని ఊరికి పోయే మనిషికి అది చిన్న అంశం కాదు. నిన్నటిదాకా ఆరుకు ఏడు వచ్చిన కల్దారు, సొంత ఊళ్ళోనే చెల్లని కాసు అయింది. పెండ్లికో, అప్పు వాయిదాకో తీసుకుపోయే పైసకు ఆ నెలల్లో దారి మూసుకుపోయింది. ప్రభుత్వాలు పోట్లాడుకుంటే మొదట నలిగేది చిల్లర పైసలే.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ అధ్యాయం ముగిసింది. 1950లో హైదరాబాదు టంకశాల భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ ఏడే భారత రూపాయి హాలీ సిక్కాతోపాటు చెలామణిలోకి వచ్చింది, మారకం అదే ఆరుకు ఏడు. కాని హాలీ వెంటనే పోలేదు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రమే మూడు ముక్కలై తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లోకి, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోకి, కన్నడ జిల్లాలు మైసూరులోకి పోయాయి. హాలీ మాత్రం 1959 దాకా చెల్లుబాటులో ఉన్నది. రాజు పోయి, రాజ్యం పోయి, చివరకు రాష్ట్రం కూడా పోయిన తర్వాత మరో మూడేళ్ళు ఆ నాణెం బతికిందన్నమాట.

ఈ నడుమనే ఇంకొక మార్పు వచ్చి పడింది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి పదహారు అణాలు పోయి నూరు నయాపైసలు వచ్చాయి. అణాకు ఆరుంబావు నయాపైసలు కావాలి. పావు పైస అన్నది లేదు కనుక అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, నాలుగణాలకు ఇరవై ఐదు అని లెక్క కట్టారు. ఒకేసారి నాలుగణాల సరుకు కొంటే ఇరవై ఐదు, అదే సరుకు అణా చొప్పున నాలుగుసార్లు కొంటే ఇరవై నాలుగు. దీనిమీద దుకాణాల దగ్గర ఎన్ని వాదులాటలు జరిగి ఉంటాయో ఊహించుకోవచ్చు. 1964 జూన్ 1 నుంచి నయా అన్న మాట తీసేసి ఉత్త పైసా అన్నారు. ఒకే మనిషి తన జీవితకాలంలో హాలీ, కల్దారు, భారత అణాలు, నయాపైసలు, పైసలు అన్నీ లెక్కపెట్టిన తరం అది.

ఇక చిల్లర పొట్లం సంగతికి వద్దాం. అమెరికా దేశంలో బ్యాంకులు నాణేలను కాగితపు గొట్టాల్లో చుట్టి ఇస్తాయి. సెంట్లయితే గొట్టానికి యాభై, పావు డాలర్లయితే నలభై. అక్కడ నాణేల సరదా ఉన్నవారు ఆ గొట్టాలు తెచ్చుకొని, అందులో 1964 నాటిదీ అంతకు ముందుదీ అయిన వెండి పావు డాలరు ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతారు. మన దేశంలో గొట్టాల పద్ధతి లేదు. రిజర్వు బ్యాంకు సూచన ప్రకారం నాణేలను నూరేసి చొప్పున ప్లాస్టిక్ పొట్లాల్లో కట్టి పుచ్చుకోవడం, ఇవ్వడం మన బ్యాంకుల్లో ఉన్నది. రూపాయి నాణేల పొట్లమైతే నూరు రూపాయలు. వెతకడానికి విడిగా ఖర్చేమీ లేదు. కావలసినవి ఉంచుకొని మిగిలినవి కూరగాయల బండి దగ్గర ఖర్చుపెట్టుకోవచ్చు.

మన పొట్లంలో వెండి కోసం చూడడం మాత్రం వృథా. 1940 నుంచి కల్దారు రూపాయిలో వెండి సగానికి దిగింది, 1947 నాటి రూపాయి నికెలుది. అందులో ఒకవైపు పులి బొమ్మ ఉంటుంది. అణాల కాలపు నాణేలూ, హాలీలూ బ్యాంకు పొట్లంలోకి రావు. పావలా, అంతకు తక్కువ నాణేలు కూడా 2011 జూన్ 30 తర్వాత చెల్లవు. కాబట్టి నేటి పొట్లంలో వెతకవలసినవి వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది నాణెంమీద సంవత్సరం కింద ఉండే చిన్న గుర్తు.

మన దేశంలో నాణేలు నాలుగు చోట్ల తయారవుతాయి. కలకత్తా నాణేనికి గుర్తు ఉండదు. బొంబాయి నాణేనికి డైమండు ఆకారం ఉంటుంది. 1988లో మొదలైన నోయిడా నాణేనికి గుండ్రటి చుక్క. హైదరాబాదు నాణేనికి ఐదు మొనల నక్షత్రం. దేశంలో చిల్లర కొరత వచ్చినప్పుడు కొన్ని నాణేలను విదేశాల్లో కూడా కొట్టించారు. 1985 నాటి రూపాయిమీద సంవత్సరం కింద హెచ్ అనే ఇంగ్లీషు అక్షరం కనిపిస్తే అది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తయారైనది. ఆ తర్వాత 1990ల చివర దక్షిణ కొరియాలో, దక్షిణాఫ్రికాలో, మెక్సికోలో కొట్టించిన నాణేలు కూడా మన అంగళ్ళలో తిరిగాయి. అంటే కొంతం చౌక్‌లో టీ తాగి ఇచ్చిన రూపాయి సముద్రాలు దాటి వచ్చినది కావచ్చు.

వీటన్నిటిలో మనం కొంచెం ఆగి చూడవలసింది ఆ నక్షత్రాన్ని. ఒకప్పుడు చార్మినారు రూపాయలు కొట్టిన సైఫాబాదు టంకశాలే 1950 తర్వాత భారతదేశపు నాణేలు కొట్టింది. 1997లో ఆ టంకశాల చర్లపల్లికి మారింది. సైఫాబాదు పాత భవనంలో 2022 జూన్‌లో నాణేల ప్రదర్శనశాల తెరిచారు. తాతముత్తాతలు ఏ పట్నపు ముద్ర ఉన్న రూపాయిని విడిచి కల్దారు కోసం షోలాపూర్ వచ్చారో, అదే పట్నపు నక్షత్రం ఉన్న రూపాయి ఇవాళ వారి మనుమల పొట్లంలో పడుతున్నది. ఇప్పుడు మారకం లేదు, బట్టా లేదు. సరిహద్దుకు రెండు వైపులా ఒకే రూపాయి. మనకు ఇది మామూలు సంగతి అయిపోయింది గాని, మన పెద్దలకు అది దొరకని సుఖం.

పొట్లంలో దొరకని పాత నాణేలు మరి ఎక్కడున్నాయంటే, మన ఇండ్లలోనే. గల్లాగురిగిలోనో, అవ్వ సందూకులోనో, దేవుని అర్రలో పసుపు డబ్బాలోనో ఉంటాయి. 1943లో యుద్ధకాలపు రాగి కొరత వల్ల నడిమధ్య బొక్కతో చేసిన పైసాలు కొందరి మొలతాళ్ళకు ఎక్కాయి. 1968 నుంచి కొద్దికాలం వచ్చిన కమలం బొమ్మ ఇరవై పైసలు లక్ష్మీపూజల్లో చేరాయి. 1950 నాటి గుర్రం బొమ్మ పైసా, ఎద్దు బొమ్మ అణా పిల్లల ఆటల్లో కలిసిపోయాయి. వెండి హాలీలు చాలావరకు కంసాలి మూసలో కరిగి పట్టీలయ్యాయి. కష్టకాలంలో అమ్ముకున్నవారిని తప్పుపట్టవలసిన పని లేదు. కాని నాణెం ఒకసారి కరిగితే వెండి మిగులుతుంది, సంగతి పోతుంది. మన నేతవారిలో చాలామందికి భూమి పట్టాలు లేవు, రాసిపెట్టిన కాగితాలు లేవు. ఏ తాత ఏ కాలంలో ఊరు విడిచి వచ్చాడో చెప్పడానికి, వెంట తెచ్చుకొని మార్చుకోకుండా దాచుకున్న ఒక చార్మినారు రూపాయే కొన్ని ఇండ్లలో మిగిలిన సాక్ష్యం. దానిమీద హిజ్రీ సంవత్సరం అంకె ఉంటుంది. ఆ అంకెను చదివించుకుంటే, వలస అంతకు ముందు కాలానిది కాదనైనా తెలుస్తుంది.

కనుక శ్రోతలకు కొన్ని మనవులు. పాత నాణెం దొరికితే చింతపండు పెట్టి తోమవద్దు. మెరుపు వస్తుంది గాని అక్షరాలు అరుగుతాయి, నాణేలు సేకరించేవారి దగ్గర విలువ కూడా పడిపోతుంది. మెత్తటి బట్టతో తుడిచి, విడిగా కాగితం పొట్లంలో పెట్టి, ఎవరి నుంచి వచ్చిందో పెద్దవారిని అడిగి ఆ కాగితంమీదనే రాయండి. ఆ రెండు ముక్కల రాత ఒక్కొక్కప్పుడు నాణెంకంటే విలువైనదవుతుంది.

రెండో మనవి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళకు లక్షలిస్తామనీ, ముందుగా కొంత రుసుము కట్టమనీ ఫోన్లలో వచ్చే మాటలు నమ్మవద్దు. ఇటువంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. పాత నాణేల వ్యవహారాల్లో తాను ఏ రుసుమూ వసూలు చేయదని, తన పేరున వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని చెప్పింది. రోజూ కూలిమీద బతికే ఇంట్లో ఒక్కసారి రెండు మూడు వేలు పోతే ఎంత దెబ్బో మనకు తెలుసు. పొట్లంలో వెతికేవారికి చాలాసార్లు దొరికేది ఒక మంచి గుర్తు, ఒక అరుదైన సంవత్సరం. లక్షలు కాదు.

మూడోది చట్టం సంగతి. చెలామణిలో ఉన్న నాణేలను కరిగించడం, కత్తిరించడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం, ఏడేళ్ళ దాకా జైలు పడవచ్చు. పాత ఇల్లు కూల్చినప్పుడో, పునాది తీసినప్పుడో మట్టిలో నాణేల ముంత బయటపడితే, 1878 నాటి నిధుల చట్టం కింద కలెక్టరుకు తెలపాలి. నూరేళ్ళు దాటిన నాణేలను పరదేశాలకు పంపడం కూడా కుదరదు.

చేతిలో చిల్లిగవ్వ లేదు అంటాం మనం. గవ్వలు నాణేలుగా చెల్లిన కాలం ఎప్పుడో పోయింది, మాటలో మాత్రం మిగిలింది. అణాలు పోయాయి, పదహారణాల తెలుగుదనం అన్న పలుకుబడిలో నిలిచాయి. హాలీ, కల్దారు అన్న మాటలు మాత్రం అంత అదృష్టం చేసుకోలేదు. వాటిని వాడి లెక్కపెట్టిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఈసారి పండుగకు షోలాపూర్ నుంచి చుట్టాలు వచ్చినా, మీరే అక్కడికి పోయినా, ఇంట్లో పెద్ద వయసువారు ఉంటే ఒక్క మాట అడగండి. ఆరుకు ఏడు లెక్క మీకు గుర్తున్నదా అని. గుర్తున్నవారు తప్పకుండా దాని వెనుక ఒక ప్రయాణం కూడా చెబుతారు. అది పిల్లలు కూడా వినేట్టు చూడండి.